క్యాజువాల్టీలో సర్దార్ తాడు

గోదావరిఖనిలో ఒక పట్టపగలు, బర్రెను కట్టేసే పలుపుతాడు ఒకటి ఎనిమిదిమంది బొగ్గుబాయి మనుషులను నిలబెట్టేసింది. మేనేజరు చేతులు జోడించినా ఆగనివాళ్ళు, దవాఖాన మనుషులను కొడితే జైలేనని గోడకు అతికించిన చట్టం కాగితాన్ని కన్నెత్తి చూడనివాళ్ళు, తాడు ముందు ఆగారు. ఇదంతా నా రెండు కళ్ళతో నేను చూశాను. ఎవరో చెబితే విని రాసే రకం కాదు నేను. నమ్మకం కుదరనివాళ్ళు ఇక్కడే ఆపి చాయ్ తాగి రావచ్చు. వచ్చేసరికి కథ ఇక్కడే ఉంటుంది.

దవాఖాన పేరు చెప్పను. చౌరస్తా దాటాక మందుల దుకాణాల గల్లీలో మూడంతస్తుల మేడ. ప్రైవేటుది. కింద క్యాజువాల్టీ, దాని మీద ఆపరేషన్ గది, ఆ పైన వార్డులు. పేరు చెబితే కేసు వేస్తారన్న భయం కాదు. ఈ వయసులో నన్ను కోర్టు మెట్లు ఎక్కించడం వాళ్ళకే కష్టం. అయినా వద్దు.

యమున అక్కడ పదేళ్ళుగా సిస్టర్. కమాన్‌పూర్ ఆడబిడ్డ. చెయ్యి ఎంత తేలికంటే, సూది వేసిన సంగతి పిల్లలకు ఆమె వెనక్కి తిరిగాక గాని తెలియదు. నోరు మాత్రం అంత తేలిక కాదు. పని మధ్యలో అడ్డం వచ్చి మాట్లాడించేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళుమంట, ఆ మంటను దాచుకోవడం ఆమెకు ఎవరూ నేర్పలేదు.

ఆ పదేళ్ళలో ఆమె మీద రెండుసార్లు చెయ్యి పడింది. మొదటిసారి ఒక తాగుబోతు సెలైన్ సీసా విసిరాడు. రెండోసారి తాగనివాడే, ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి, తన బావమరిదికి మంచం దొరకలేదని ఆమె మణికట్టు మెలితిప్పాడు. పదిహేను రోజులు కట్టు. డ్యూటీలో ఎవరికి దెబ్బ తగిలినా రాయడానికి అక్కడ నీలం అట్ట పుస్తకం ఒకటుంది. ఆ రెండుసార్లూ మేనేజరు సూర్యప్రకాశరావు అందులో ఒకే వాక్యం రాయించాడు: 'తడి నేల మీద జారి పడినది.'

సీసా విసిరితే జారి పడటమేమిటని ఆమె అప్పట్లో అడిగింది.

"సీసా కూడా పడింది కదమ్మా, నువ్వూ పడ్డావు. ముందు ఎవరు పడ్డారో ఎవరికి కావాలమ్మా ఇప్పుడు?" అన్నాడాయన.

సూర్యప్రకాశరావుది కోస్తా. ఇరవై ఏళ్ళ కిందట వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. చెడ్డవాడు కాదు. గొడవంటే భయం, అంతే. ఆ భయానికి ఆయన ఇతరుల చేత సంతకం పెట్టిస్తాడు.

ఇక ఆ గురువారం.

మధ్యాహ్నం రెండు దాటింది. ఉపేందర్ తన తల్లి మల్లక్కను ఆటోలోంచి రెండు చేతుల మీద ఎత్తుకొచ్చాడు. ఉపేందర్ బాయిలో, భూమి లోపల, కప్పు కూలకుండా ఇనుప బోల్టులు బిగించే పనివాడు. నలభై ఏళ్ళుంటాయి. ఆ రోజు డ్యూటీకి పోలేదు, ఎందుకంటే పొద్దుటి నుంచి ముసలమ్మకు దమ్ము లేచి ఊపిరి అందడం లేదు. పెదవులు నల్లబడ్డాయి. మాట్లాడబోతే ఈల మోగుతోంది.

యమున ఆమెను కూర్చోబెట్టింది. దిండ్లు రెండు వీపు వెనక దూర్చింది. పైన ఆపరేషన్‌లో ఉన్న డాక్టర్ రఘురామ్‌కు ఫోన్ చేసి, ఆయన చెప్పిన సూది వేసి, మందు పోసిన ఆవిరి మాస్కు ముసలమ్మ ముఖానికి పెట్టింది. ఇదంతా నాలుగు నిమిషాల పని. ఆ నాలుగు నిమిషాల్లో ఉపేందర్ ఆరుసార్లు అడిగాడు.

"డాక్టర్ ఏడి?"

"పైన ఆపరేషన్‌ల ఉన్నరు. ఫోన్ల అడిగిన, మందు చెప్పిన్రు, పెట్టిన. పావుగంటల దమ్ము దిగుతది."

"నువ్వు చెప్పుడేంది? నువ్వేమన్న డాక్టరువా?"

"కాదు, సిస్టర్‌ను. గందుకే ఇంకా గీడ నిలవడ్డ. జర పక్కకు జరుగు, గాలి రావాలె అవ్వకు."

ఈ జవాబు అతనికి గుచ్చుకుంది. తల్లి దగ్గుతోంది. మాస్కు అంచుల్లోంచి తెల్లగా ఆవిరి లేస్తోంది. ఉపేందర్ అది చూశాడు. ఇరవై ఏళ్ళు భూమి లోపల పనిచేసినవాడికి పొగ కనబడితే ఒకటే ఆలోచన వస్తుంది, మనిషిని దాంట్లోంచి బయటికి లాగాలి.

"గీ పొగేందే? ఊపిరాడక సస్తుంటె మొఖానికి పొగ పెడ్తవా?" అని మాస్కు పీకేశాడు.

యమున అతని మణికట్టు పట్టుకుని పక్కకు నెట్టి, మాస్కు మళ్ళీ ముసలమ్మకు పెట్టింది. "అన్నా, అది పొగ కాదు, మందు" అనేలోపే ట్రాలీ మీది స్టీలు ట్రే గాల్లోకి లేచింది. ఎడమ కనుబొమ్మ మీద తగిలింది. ఆమె వెనక్కి వెళ్ళి మందుల అల్మారాకు గుద్దుకుని కింద పడింది. ట్రే ఎగిరి గోడదాకా పోయింది. మందు బుడ్లు నాలుగు పగిలాయి.

లేచి, కంట్లోకి కారే రక్తం తుడుచుకోకముందే, మాస్కు సరిగ్గా ఉందో లేదో చూసింది యమున. గొప్ప కోసం చెప్పడం లేదు. అలవాటు.

ఉపేందర్ ఒక క్షణం తన చేతి వంక చూసుకున్నాడు. తర్వాత "నీ సంగతి చూస్త. మావోళ్ళను తోలుకొస్త" అంటూ ఫోను చెవికి పెట్టుకుని బయటికి పోయాడు. పది నిమిషాల తర్వాత మల్లక్క పెదవులు ఎర్రబడ్డాయి, ఈల తగ్గింది. అది చూడటానికి కొడుకు అక్కడ లేడు.

డాక్టర్ రఘురామ్ కిందికి దిగి వచ్చి యమున కనుబొమ్మకు మూడు కుట్లు వేశాడు. మంచి కుట్లే. మూడో కుట్టు ముడి వేస్తూ, "మీరు ఏమన్నారు సిస్టర్ అతన్ని?" అని అడిగాడు.

యమునకు కుట్టు నొప్పి అప్పుడు తెలిసింది.

తర్వాత సూర్యప్రకాశరావు నీలం పుస్తకం పట్టుకుని వచ్చాడు.

"చూడమ్మా యమునా, కన్ను దక్కింది, అది చాలు. చిన్న గాయం. దీన్ని పెద్దది చేస్తే ఎవరికి మంచిదమ్మా? ఆ బాయివాళ్ళ కాలనీ కాలనీ మన దగ్గరికే వస్తారు. రేపు వాడు పదిమందిని వేసుకొచ్చి అద్దాలు పగలగొడితే నేనేం చెయ్యాలి? ఒక్క ముక్క రాసెయ్యి. జారి పడినది అని. మూడు రోజులు సెలవిప్పిస్తా."

"సార్, గిప్పటికే గీ పుస్తకంల రెండుసార్లు జారి పడ్డ. మూడోసారి గూడ పడితె, సదివెటోడు గీమెకు కాళ్ళు లెవ్వనుకుంటడు."

"ఎవడు చదువుతాడమ్మా దీన్ని?"

"నేను సదువుత."

"సరే, కోపంలో ఉన్నావు..."

"సార్, నేల తడిగ లేదు."

ఆయన నేల వంక చూశాడు. నిజంగానే పొడిగా ఉంది. రక్తం చుక్కలు తప్ప తడి లేదు.

"అదెంత పని?" అన్నాడు సూర్యప్రకాశరావు. "ఐలవ్వా! బకెట్టు పట్టుకురా. ఇక్కడ తుడువు."

తుడిచే కర్ర, బకెట్టు పట్టుకుని ఐలవ్వ వచ్చింది. ఆ దవాఖాన నేలను రోజుకు నాలుగుసార్లు తుడిచే మనిషి ఆమె. కర్ర నీళ్ళలో ముంచింది గాని పిండలేదు. యమున ముఖం చూసింది, మేనేజరు ముఖం చూసింది, మళ్ళీ ముంచింది.

సరిగ్గా అప్పుడే సదయ్య వచ్చాడు.

సదయ్య యమున తండ్రి. ఆ రోజు యమున ఇంకొకరి డ్యూటీ కూడా చేస్తోంది కాబట్టి అన్నం టిఫినీ తెచ్చాడు. చేతిలో టిఫినీ, భుజాన కొత్త పలుపుతాడు. ఇంటి దగ్గర బర్రె పాత తాడు తెంపుకుందట. సదయ్య ముప్పై ఒక్క ఏళ్ళు బాయిలో పనిచేసి, సర్దార్‌గా రిటైరై దిగిపోయాడు. బాయిలో సర్దార్ అంటే ఆ జాగకు పెద్ద. ముందుగా ఆయన లోపలికి పోయి, కప్పును కర్రతో తట్టి, చప్పుడు విని, పొండి అంటేనే మిగతావాళ్ళు పోవాలి. వద్దనుకున్న చోట తాడు కట్టి బోర్డు వేలాడదీస్తాడు. ఆ తాడు దాటినవాళ్ళు మరునాడు పనికి రారు. కొందరిని రానివ్వరు. కొందరు రావడానికి మిగలరు.

కూతురి నుదుటి కట్టు చూసి సదయ్య టిఫినీ బల్ల మీద పెట్టాడు.

"ఎవలు బిడ్డా?"

"పేషెంట్ కొడుకు."

"తల తిరుగుతున్నదా? వాంతికొస్తున్నదా?"

"లేదు బాపూ."

అంతే, మనిషి మారిపోయాడు. తండ్రి పోయి సర్దార్ వచ్చాడు.

"ఐలవ్వా, ఆగు! కర్ర కిందవెట్టు. జాగ కదిలిచ్చిన్రా?"

"ఇంకా లే సర్దారయ్యా. సారు తుడువుమంటున్నడు."

"ఎవలు తుడుస్తరో నేను సూస్త."

బాయిలో ఎవరికైనా పెద్ద దెబ్బ తగిలితే, మనిషిని బయటికి తెస్తారు గాని, జాగను ముట్టరు. పడ్డ బండ పడ్డ చోటే ఉండాలి. విరిగిన కట్టె విరిగిన తీరునే ఉండాలి. చూడాల్సినవాళ్ళు వచ్చి, చూసి, రాసుకునేదాకా అది అంతే. చిన్న పనివాడి నుంచి పెద్ద ఆఫీసరుదాకా ఈ సంగతి తెలియనివాడు ఉండడు. సదయ్యకు ఇంట్లో గిన్నె పగిలినా, ముక్కలు ఎత్తేముందు ఎవరి చేతిలోంచి ఎటు పడిందో తేల్చాలి. ఆయన భార్య ఈ బాధ పడలేక స్టీలు గిన్నెలకు మారిపోయింది.

సదయ్య పలుపుతాడు విప్పాడు. సెలైన్ స్టాండు నుంచి మంచం కోడుకు, మంచం కోడు నుంచి కిటికీ ఇనుప చువ్వకు, అక్కడి నుంచి అల్మారా పిడికి కట్టాడు. మందుల పెట్టె అట్ట చింపి, మీద 'అపాయం. దాటరాదు. స.' అని పెద్ద అక్షరాలు రాసి తాడుకు గుచ్చాడు. 'స' అంటే సర్దార్ కావచ్చు, సదయ్య కావచ్చు. ఆయనకు రెండూ ఒకటే.

"ఏవండీ, ఇది ఆసుపత్రండీ!" అన్నాడు సూర్యప్రకాశరావు.

"దెబ్బ తాకిన జాగ సార్ ఇది. రాత అయ్యేదాక కదిలియ్యొద్దు."

"బాపూ!" అని అరిచింది యమున. "మందుల అల్మార లోపలుండిపాయె!"

"ఉండనీ."

"ఉండనీయా? ఇప్పుడు ఎవలన్న గుండె పట్టుకోని వస్తె మందేడికెల్లి తియ్యాలె? నీ బర్రె పలుపు పెట్టాల్నా నాలుక కింద?"

"రాత అయినంక..."

"బాపూ, తాడు కట్టుమని నిన్ను ఎవలడిగిన్రు? నన్నడిగినవా? డాక్టర్ నన్నేమన్నవని అడుగుతడు. సారు నేల తడుపుతనంటడు. నువ్వొచ్చి తాడు కడ్తవ్. దెబ్బ తాకింది నాకు. ఏం కావాలె బిడ్డా అని ఒక్కలన్న అడిగిన్రా?"

ముప్పై ఒక్క ఏళ్ళలో సదయ్య తాడు గురించి ఎవరూ ఇలా మాట్లాడలేదు.

"ఏం కావాలె బిడ్డా?" అన్నాడు, కాస్త తగ్గి.

"జరిగింది జరిగినట్టు రాయాలె. గంతే. ఇంకేమొద్దు నాకు."

యమున అల్మారా పిడి దగ్గర ముడి విప్పింది. తాడును రెండడుగులు లోపలికి జరిపి, అల్మారా బయటపడేటట్టు, ట్రే పడ్డ చోటు, తను పడ్డ చోటు, రక్తం చుక్కలు మాత్రం లోపల ఉండేటట్టు ట్రాలీకి మళ్ళీ కట్టింది. సర్దార్ కట్టిన తాడును కదిలించిన మొదటి మనిషి ఆమే. సదయ్య దగ్గరికొచ్చి ముడి లాగి చూశాడు. గట్టిగానే ఉంది.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పి ముందుకు పోతాను. నా రెండు కళ్ళతో చూశానని మొదట్లో అన్నాను కదా, అది కాస్త ఎక్కువైంది. ఆ గురువారం నేను మంచిర్యాలలో ఉన్నాను. కుడికంటికి శుక్లం తీసి కట్టు కట్టారు. ఎడమకన్ను అంతకు నాలుగేళ్ళ ముందే నాతో పని మానేసింది. అంటే ఆ రోజు నేను చూసింది కట్టు లోపలి దూది మాత్రమే. కథ నాకు ఐలవ్వ చెప్పింది. ఐలవ్వ మరిచింది సదయ్య చెప్పాడు. ఇద్దరూ చెప్పనిది యమునను అడిగి, తిట్లు తిని, తెలుసుకున్నాను. కళ్ళున్నవాళ్ళు మాత్రం ఇంతకంటే ఎక్కువ చూస్తారా ఏమిటి? పదండి.

నాలుగు కావస్తుండగా ఉపేందర్ వచ్చాడు. అన్నట్టుగానే మనుషులను తెచ్చాడు. మొదటి షిఫ్టు దిగి, తల దీపాలు అప్పజెప్పి, మెడల మీది మసి కూడా కడుక్కోకుండా ఏడుగురు వచ్చారు. 'మా అవ్వకు ఊపిరాడకుంటె సిస్టర్ సూడలే, నన్ను తిట్టి నెట్టింది' అని ఫోన్లో విని వచ్చారు. అందరికంటే ముందు ఆగయ్య. పెద్దవాడు, వచ్చే ఏడు దిగిపోతాడు. సిస్టర్ చేత తప్పయిందని అనిపించి పోదామన్నది వాళ్ళ లెక్క. సూర్యప్రకాశరావు గుమ్మంలో చేతులు జోడించాడు. ఆయన్ను పక్కకు జరిపి లోపలికొచ్చారు.

"ఏదీ గా సిస్టర్? ఎంత బలుపు..." అంటూ దూసుకొచ్చిన ఆగయ్య కాళ్ళు టక్కున ఆగాయి.

తాడు.

వెనకవాడు వచ్చి ఆగయ్య వీపుకు గుద్దుకున్నాడు, వాడి వీపుకు ఇంకొకడు. ఎనిమిదిమందీ తాడుకు ఇవతల వరసగా నిలబడిపోయారు. అది దాటాలన్న ఆలోచన వాళ్ళలో ఎవరికీ రాలేదు. అట్ట మీది అక్షరాలు చదివారు. ఆగయ్య గొంతు దానంతటదే తగ్గిపోయింది.

"సర్దారన్నా, నువ్వు గీడున్నవేంది? ఏమైంది?"

"దెబ్బ తాకింది."

"ఎవలకు?"

"డ్యూటీల ఉన్న మనిషికి."

"పానం మంచిగున్నదా?"

"ఉన్నది."

"మీదికెల్లి ఏమన్న పడ్డదా?"

"నన్నడుగుతవేందిరా? దెబ్బ తాకిన మనిషి గీడనే ఉన్నది. ఆమెను అడుగు."

ఆగయ్య యమున వైపు తిరిగాడు. ఏ పని మీద వచ్చాడో మరిచిపోయాడు. ఎన్ని బండలు పడ్డ చోట్ల, ఎంతమంది మనుషులు మళ్ళీ లేవని చోట్ల అతను ఈ ప్రశ్నలు విన్నాడో, అడిగాడో.

"బిడ్డా, అప్పుడు నువ్వు యాడ నిలవడ్డవ్?"

"గీడ. మంచం పక్కన."

"ఏం పనిల ఉన్నవ్?"

"గీ అవ్వకు మందు మాస్కు పెడుతున్న."

"ఏం తాకింది?"

"గదో, గోడకాడున్న ట్రే."

"అల్మార మీదికెల్లి పడ్డదా?"

"పడలే కాకా. ఇసిరిన్రు."

సూర్యప్రకాశరావు మధ్యలోకి వచ్చాడు. "అయ్యా, అయిపోయిందేదో అయిపోయింది. జారి పడిందండీ అమ్మాయి. అంతే. మీరు ప్రశాంతంగా..."

ఆగయ్య తాడు మీదికి వంగి, లోపలికి కాలు పెట్టకుండా, మెడ సాచి చూశాడు. రక్తం చుక్కలు చూశాడు, బుడ్ల పెంకులు చూశాడు, ట్రే ఎక్కడుందో చూశాడు.

"జారి పడ్డదా సార్? జారి పడితె ట్రే గంత దూరం ఎట్ల పోతది? గోడకు తాకి సొట్ట పడ్డది సూడు. రాతకూ జాగకూ కుదరాలె గద. గిట్ల రాసుకపోతె మమ్ముల పొట్టు పొట్టు తిడ్తరు బాయిల."

వెనక నిలబడ్డవాళ్ళు తలూపారు. అందులో ఒకడు, "నేల గూడ పొడిగనే ఉన్నది" అన్నాడు.

యమునకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "నేను చెప్తె పదేండ్ల సంది ఎవలు నమ్మలే. ట్రే చెప్తె నమ్మిన్రు" అంది.

"గిదంతా సరే, ఎవలు ఇసిరిన్రు?" అన్నాడు ఆగయ్య.

యమున ఉపేందర్ వంక చూసింది. ఉపేందర్ కిటికీ వంక చూశాడు. మంచం మీది నుంచి మల్లక్క మాస్కు పైకెత్తింది.

"నా కొడుకే."

"అవ్వా, మాస్కు తియ్యకు!" అంది యమున.

"పెట్టుకుంట తియ్యి బిడ్డా, ఒక్క ముచ్చట. నా దమ్ము పోయింది గని నా కండ్లు పోలే. గీ పిల్ల మందు పెడుతుంటె వీడు పీకిండు. గీ పిల్ల మల్ల పెట్టింది. గంతల్నే ఇసిరిండు. మందు పెట్టిన చేతినే కొడ్తరారా?"

"అవ్వా, నువ్వూకో!" అన్నాడు ఉపేందర్.

"ఎందుకూకుంట? గిప్పుడు మాట్లాడే దమ్ము ఎవలిచ్చిన్రనుకుంటున్నవ్?"

ఆగయ్య ఉపేందర్ వైపు తిరిగాడు. "నెట్టింది, సూడలే అంటివి గదరా."

"నెట్టింది. చెయ్యి పట్టి నెట్టింది."

"మాస్కు పీకితె పట్టదా మరి?"

అక్కడున్న ఏడుగురూ మెల్లగా ఒకరి వెనక ఒకరు జరిగారు. ఉపేందర్ చుట్టూ కాస్త ఖాళీ ఏర్పడింది. అతని కోసమే వచ్చినవాళ్ళు అతనికి కొంచెం దూరంగా నిలబడ్డారు. ఇంతకంటే పెద్ద మాట ఎవరూ అనలేదు. ఎంతైనా రేపు కలిసి బాయిలోకి దిగాల్సినవాళ్ళు.

యమున చెయ్యి చాచింది. "సార్, పుస్తకం."

"అమ్మా, రేపు తీరిగ్గా..."

"పుస్తకం ఇయ్యుండ్రి సార్. జాగ ఉండంగనే రాత కావాలె."

ఈ మాట విని సదయ్య గడ్డం నిమురుకున్నాడు. ఎనిమిదిమంది చూస్తుండగా సూర్యప్రకాశరావు పుస్తకం ఇవ్వకుండా ఉండలేకపోయాడు.

ట్రాలీ మీద పెట్టి ఆమె రాసింది. గురువారం, మధ్యాహ్నం రెండు ఇరవై. పేషెంటు కొడుకు ఉపేందర్ స్టీలు ట్రే విసిరి కొట్టినాడు. ఎడమ కనుబొమ్మకు మూడు కుట్లు. నేల పొడిగా ఉన్నది.

సాక్షుల గడిలో మల్లక్క వేలిముద్ర వేసింది. ఐలవ్వ కర్ర గోడకు ఆనించి వచ్చి, మేనేజరు వంక చూడకుండా తనూ వేసింది. ఆగయ్యను కూడా అడిగింది.

"కొట్టుడు నేను సూడలే. జాగ సూసిన. గట్లనే రాయి, దస్కతు పెడ్త."

అట్లాగే రాసింది. పెట్టాడు.

ఆమె అంతటితో ఆగలేదు. పాత పేజీలు తిప్పి, 'జారి పడినది' అని ఉన్న చోటల్లా పక్కన 'ఇది అబద్ధం. యమున' అని రాసి తేదీ వేసింది. రెండు చోట్ల. రెండోచోట కలం గట్టిగా ఒత్తుకుని కాగితం చిరిగింది.

అప్పుడు ఉపేందర్ ముందుకొచ్చాడు. తాడుకు ఇవతలే ఆగి, తల వంచుకుని, "తప్పయింది అక్కా" అన్నాడు. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. యమున మల్లక్క మాస్కు తీసి ట్రాలీ మీద పెట్టి, వీపు వెనక దిండ్లు సరిచేసింది. సదయ్య తాడు విప్పి చుట్టచుట్టి భుజాన వేసుకున్నాడు. ఐలవ్వ కర్ర పిండింది.

ఆ తర్వాత జరిగినవి చెబితే మీకు నచ్చవు. నాకూ నచ్చలేదు. యమున ఆ పేజీ నకలు తీసుకుపోయి పోలీసులకు ఇచ్చింది. కేసు రాసుకున్నారు, నడుస్తోంది. నాలుగో రోజు డ్యూటీ కాగితంలో ఆమె పేరు మూడో అంతస్తుకు మారింది. నీ మంచికేనమ్మా అన్నాడు సూర్యప్రకాశరావు. ఉపేందర్ తన తల్లి మందుల కోసం అదే క్యాజువాల్టీకి నెలకోసారి వచ్చి పోతున్నాడు. కొట్టినవాడికి కింది అంతస్తు, దెబ్బ తిన్నదానికి అరవై మెట్లు. ఆమె రోజూ ఆ మెట్లు ఎక్కుతూ లెక్కపెడుతుంది. నన్ను కిందికి పంపండి అని వారానికొక కాగితం రాసి ఇస్తుంది, వాళ్ళు వారానికొకటి తీసుకుంటారు. పుస్తకం మాత్రం ఉంది. ఎవరూ ఆ పేజీ చింపలేదు. చింపితే చింపిన గుర్తు కనబడుతుందని సూర్యప్రకాశరావు భయం కావచ్చు. ఆ భయం ఒక్కసారన్నా పనికొచ్చింది.

కథ అయిపోయాక ఒకసారి యమునకు చదివి వినిపించాను. తండ్రి ఇంటి గడపలో కూర్చుని, కాళ్ళు పిసుక్కుంటూ వింది. తాడు దగ్గర నవ్వింది. నేల పొడి దగ్గర తలూపింది. అంతా విన్నాక అంది:

"అన్ని మంచిగనే రాసినవ్ కాకా. గా తప్పయింది అక్కా అన్న ముచ్చట తీసెయ్. గాయన అన్లే."

"ఉంటె బాగుంటది బిడ్డా కథకు."

"జారి పడ్డదని రాస్తె దవాఖానకు గూడ బాగుండు."

నా కథలు ఊరంతా విన్నారు. పులిని గొడుగుతో తరిమిన కథ నేను చెబితే నమ్మినవాళ్ళున్నారు. ఒక్కరు కూడా నన్ను ఇలా కూర్చోబెట్టి అడగలేదు. తీసేద్దామని కలం పట్టాను గాని, చెయ్యి రాలేదు. అందుకని అక్కడ ఉంచేసి, ఇక్కడ చెబుతున్నాను. ఉపేందర్ ఆ మాట అనలేదు. కళ్ళల్లో నీళ్ళు కూడా నావే. తాడుకు ఇవతలే నిలబడి కాసేపు ఫోను చూసుకున్నాడు, తర్వాత మంచం కింద తల్లి చెప్పులు వెతికి తీసుకుని, ఆమెను ఎత్తుకుని వెళ్ళిపోయాడు.